రొయ్యలు ఒలిచే యంత్రం, కూలి మనిషి గౌరవం

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. రొయ్యల ప్లాంట్లలో ఒలిచే యంత్రాలు పెడితే ఆడవాళ్ళకు చాకిరీ తప్పి గౌరవం దక్కుతుందనీ, పోయిన పనికి బదులు మేలైన పని దొరుకుతుందనీ, వద్దనేవాళ్ళు అభివృద్ధికి అడ్డుపడుతున్నారనీ దాని సారాంశం.

మొదటి మాటలో సగం నిజముంది. ఐసు నీళ్ళలో తడిసిన రొయ్యను గంటల తరబడి నిలబడి ఒలిస్తే వేళ్ళు తెల్లగా ఉబ్బుతాయి, ముల్లు గుచ్చుకున్నచోట చీము పడుతుంది. యంత్రం ఒంటికి మేలు చేసిన చోటు కావాలంటే చీమకుర్తి గ్రానైట్ క్వారీల సంగతే చూడండి: నీళ్ళు పోస్తూ కోసే డైమండ్ వైరు రంపం జాక్‌హామర్ లేపినంత దుమ్ము లేపదు, ఆ రాతి దుమ్మే ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెచ్చిపెట్టేది. అలాంటి యంత్రాన్ని నేనూ కాదనను. అయితే పని కష్టమైనంత మాత్రాన చేసే మనిషికి గౌరవం లేదనడం పొరపాటు. వెనామీ రకం రొయ్యల్లో 30 కౌంటంటే కిలోకు ముప్పై రొయ్యలు, 100 కౌంటంటే వంద. కిలోల లెక్కన కూలిచ్చేచోట రెండింటికీ ఒకటే రేటు కడితే ఎంత నష్టమో, ట్రే ముందుకు రాగానే ఒలిచే మనిషికి తెలిసిపోతుంది. ఆ లెక్క సరిచేయమని ఆమె అడిగితే పట్టించుకోని యాజమాన్యం, ఆమె గౌరవం కోసమే యంత్రం తెచ్చానంటే నమ్మడం కష్టం.

మేలైన పని వస్తుందన్నది రెండో మాట. వస్తుంది, కానీ అది యంత్రం నడపగల ఐటీఐ కుర్రవాడికి. కూలీలను కుదిర్చే మేస్త్రీ వ్యానెక్కి పల్లె నుంచి వచ్చే 45 ఏళ్ళ మనిషికి కాదు. ఆమె వరికోతలకు పోదామన్నా పెన్నా డెల్టాలో ఆ పని ఎప్పుడో మిషన్ల పాలైంది.

ఇక అడ్డుపడటం గురించి. ఉద్యోగాలు పోయే అవకాశమున్న యంత్రాలు తెచ్చేముందు కార్మికులకు 21 రోజుల నోటీసివ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షనే చెప్పింది; 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నియమాన్ని నిలుపుకుంది. ముందుగా చెప్పమని అడగడం అభివృద్ధికి అడ్డయితే, ఆ నియమం పెట్టిన పార్లమెంటూ అడ్డుపడినట్టే. చిక్కల్లా, ప్లాంటు హాజరు పట్టీలో పేరు లేని మేస్త్రీ కూలీల దాకా ఆ నోటీసు రాకపోవడంలో ఉంది. యంత్రం దిగిన సంగతి వాళ్ళకు తెలిసేది, ఒక పొద్దున ఊరి సెంటర్‌కు వ్యాను రానప్పుడే.