మార్కులు వేసేముందు టూల్‌తో పని చేయించండి

సాఫ్ట్‌వేర్ టీమ్‌కి కొత్త టూల్ కావాలనగానే ఎవరో ఒకరు ఎక్సెల్ షీటు తెరుస్తారు. ఎడమవైపు వందకు పైగా ఫీచర్లు, పైన నాలుగైదు టూల్స్ పేర్లు, గడుల్లో 1 నుంచి 5 దాకా మార్కులు. అడుగున ఎక్కువ మొత్తం వచ్చినదానికి ఆర్డర్ వెళ్తుంది. రిక్వైర్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే వాక్యం) రాసింది మొదలు కోడ్, టెస్టింగ్, రిలీజ్, ఆ తర్వాత వచ్చే బగ్స్ దాకా అన్నిటినీ ఒక తాటి మీద నడిపే టూల్స్‌ని చాలాచోట్ల ఇలాగే ఎంచుకుంటున్నారు. షీటు ఉండాల్సిందే. కానీ ఆ గడిలోకి మార్కు ఎలా వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ.

చాలాసార్లు అది అమ్మేవాళ్ల జవాబు నుంచే వస్తుంది. టెస్ట్ మేనేజ్‌మెంట్, అంటే టెస్టులు రాసి, నడిపి, ఫలితాలు దాచుకునే వీలు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, అందులో అబద్ధమూ ఉండదు. అయితే ఇలాంటి టూల్స్‌లో ఒకటైన జిరాలో దానికోసం సాధారణంగా ఎక్స్‌రే, జెఫైర్ లాంటి యాప్‌ని విడిగా కొనుక్కుంటారు. మరో టూల్ అజూర్ డెవాప్స్‌లో పూర్తిస్థాయి టెస్ట్ ప్లాన్స్ కావాలంటే లైసెన్స్ వేరు. ఇంకో టూల్ పొలారియన్‌లో రిక్వైర్‌మెంట్ లాగే టెస్ట్ కేసు కూడా టూల్‌లోనే ఉండే ఒక వర్క్ ఐటెమ్. మూడూ మూడు రకాల ‘ఉంది’లు. షీటులో మాత్రం మూడింటికీ అదే టిక్కు పడుతుంది.

అందుకే ఫీచర్ల జాబితా పక్కన పెట్టి, మన పనిలోంచే ఒక ముక్క తీసుకుని టూల్‌లో నడిపించాలని నేను పట్టుబడతాను. ఒకసారి మేం తీసుకున్న ముక్క చాలా చిన్నది. ‘పాస్‌వర్డ్ 5 సార్లు తప్పుగా కొడితే అకౌంట్ లాక్ కావాలి’ అనే రిక్వైర్‌మెంట్. దానికి మూడు టెస్ట్ కేసులు, ఒక డిజైన్ నోట్ లింక్ చేశాం. తర్వాత 5ని 3గా మార్చి చూశాం. మొదటి టూల్ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో చక్కగా రాసిపెట్టింది. టెస్ట్ కేసుల్లో మాత్రం చలనం లేదు. ‘అయిదోసారికి లాక్ అవుతుంది’ అన్న వాక్యం అలాగే ఉంది, పక్కన పచ్చగా పాస్ అని ఉంది. అది చూసి నాకు నిజంగా భయమేసింది. ఆ పచ్చ గుర్తును నమ్మి రిలీజ్‌కి సరే అనే మేనేజర్ ఎక్కడో ఒకచోట ఉంటాడు. రెండో టూల్ మూడు టెస్టుల మీదా, డిజైన్ నోట్ మీదా మళ్లీ చూసుకోమని గుర్తు పెట్టింది. కాకపోతే ఆ గుర్తు కనిపించే స్క్రీన్ దాకా వెళ్లడానికి మా టెస్టర్ చాలాసేపు తడుముకోవాల్సి వచ్చింది. డెమోలో రెండింటికీ ట్రేసబిలిటీలో, అంటే రిక్వైర్‌మెంట్ నుంచి టెస్ట్ దాకా లింకును పట్టుకోవడంలో, 4 మార్కులు వేసినవాళ్లమే మేం.

ఇంకో చిక్కు కూడికలో ఉంది. సగటు తీస్తే లోపం మరుగున పడుతుంది. కార్ల ఎలక్ట్రానిక్స్‌కి ఐఎస్‌ఓ 26262, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కి ఐఈసీ 62304, విమానాల సాఫ్ట్‌వేర్‌కి డీవో-178సీ అనే ప్రమాణాలు ఉన్నాయి. వీటి కింద పనిచేసే టీమ్ రిక్వైర్‌మెంట్ నుంచి టెస్ట్ దాకా లింకును ఆధారాలతో చూపించాలి. అది చేయలేని టూల్‌కి స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నా ఏం లాభం? ఇలాంటి అంశాలకు మార్కులే ఉండకూడదు. అవి గేటు లాంటివి, దాటినవాటినే షీటులోకి రానివ్వాలి.

వెయిటేజీల సంగతికొద్దాం. ట్రేసబిలిటీకి 30 శాతం, ఇంటిగ్రేషన్‌కి (వేరే టూల్స్‌తో కలిసి పనిచేయడానికి) 25, వాడటంలో సులువుకి 25, ఖర్చుకి 20 ఇచ్చామనుకోండి. మొదటి టూల్‌కి వరసగా 5, 4, 2, 3 వచ్చాయి. రెండోదానికి 3, 3, 5, 4. లెక్క కడితే మొదటిదానికి 3.60, రెండోదానికి 3.70. ఇప్పుడు సులువులోంచి 5 శాతం తీసి ట్రేసబిలిటీలో కలపండి. మొదటిది 3.75కి ఎక్కుతుంది, రెండోది 3.60కి దిగుతుంది. టూల్స్ మారలేదు, మార్కులూ మారలేదు. మీటింగ్‌లో ఎవరో ఒకరు గట్టిగా వాదిస్తే కదిలిపోయే ఆ 5 శాతమే విజేతను మార్చేసింది. ఇంత తేడాకే ఫలితం తారుమారవుతుంటే రెండూ సమానమని ఒప్పుకుని, వేరే కారణం చూసుకుని ఎంచుకోవడం నిజాయితీ. వెయిటేజీలు మాత్రం డెమోలు చూడకముందే రాసి పక్కన పెట్టాలి. చూశాక రాస్తే మనసుకు నచ్చిన టూల్‌కి తగ్గట్టే అవి తయారవుతాయి. థామస్ సాటీ 1970లలో రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతిలో అంశాలను రెండేసి చొప్పున పోల్చి ఏది ఎంత ముఖ్యమో తేలుస్తారు. మన జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోతే అది పట్టిస్తుంది కూడా. పెద్ద కొనుగోలైతే ఆ శ్రమ పడటం మంచిదే.

మార్కులు ఎవరు వేస్తున్నారన్నదీ చూడాలి. రిపోర్టులు చూసేవాళ్లకి నచ్చిన టూల్, రోజూ అందులో టికెట్లు (ఒక్కో పని వివరాలు) నింపేవాళ్లకి నరకం కావచ్చు. వాళ్లు విసిగిపోయి సగం వివరాలే నింపితే పైవాళ్ల రిపోర్టూ తప్పే చెబుతుంది.

నేను చూసిన షీటుల్లో దాదాపు ఎప్పుడూ కనిపించని వరస ఒకటుంది, ఆ టూల్ వదిలి బయటికి రావడం. మెర్క్యురీ కంపెనీ తయారుచేసిన క్వాలిటీ సెంటర్ అనే టెస్టింగ్ టూల్ 2006లో హెచ్‌పీ చేతికి, 2017లో మైక్రో ఫోకస్ చేతికి, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వెళ్లింది. జిరా తయారుచేసే అట్లాసియన్ తన సర్వర్ ఉత్పత్తుల కొత్త లైసెన్సులను 2021 ఫిబ్రవరిలో ఆపేసింది, 2024 ఫిబ్రవరిలో సపోర్ట్ ముగించింది. సొంత సర్వర్ మీద వాటిని నడుపుకుంటున్న టీమ్‌లు క్లౌడ్‌కో, డేటా సెంటర్ లైసెన్స్‌కో, వేరే టూల్‌కో మారాల్సి వచ్చింది. ఏ టూల్ కొన్నా ఇలాంటి రోజు రావచ్చు.

దీన్ని కూడా చేసి చూడవచ్చు, అరపూట పని. ట్రయల్‌లోనే యాభై ఐటెమ్స్ పెట్టండి. వాటి మధ్య లింకులు, అటాచ్‌మెంట్లు, పది పదిహేను కామెంట్లు, కొన్ని మార్పులు ఉండాలి. అన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చేసి ఖాళీ ప్రాజెక్టులోకో, వేరే టూల్‌లోకో ఎక్కించండి. సీఎస్‌వీలో (మామూలు పట్టిక ఫైలులో) అయితే టైటిల్స్, స్టేటస్‌లు మామూలుగా వచ్చేస్తాయి. లింకులు, పాత మార్పుల చరిత్ర, అటాచ్‌మెంట్లు చాలాసార్లు దారిలో రాలిపోతాయి. రిక్వైర్‌మెంట్ల మార్పిడికి రెక్‌ఇఫ్ అనే ప్రమాణం ఉంది, టూల్ దాన్ని ఎంతవరకు పాటిస్తోందో అప్పుడే తెలుస్తుంది. ఎన్ని లింకులు పెట్టాం, ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టి, షీటులో ఆ వరసకి మార్కు ఆ లెక్కను బట్టే వేయండి.