ఎవరి సాయమూ లేకుండా రెండు లోయర్ ఆర్ములు

ఈ దేశంలో స్వావలంబన గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ, కారు కింద పడుకునేవాళ్లు తక్కువ. నేను రెండో రకం. ఈ మాట గర్వంతో కాదు, నడుం నొప్పితో చెబుతున్నాను. నెల్లూరు వేదాయపాళెంలో, మా ఇంటి ముందు వేపచెట్టు కింద, 2007 మోడల్ చిన్న కారుకు ముందు చక్రాల లోయర్ ఆర్ములు రెండూ నేనే మార్చాను. ఎవరి సాయమూ లేకుండా మార్చాను. కాబట్టి ఈ విషయంలో జాతికి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు వచ్చిందని భావిస్తున్నాను.

కారుకు చేతులుంటాయని చాలామందికి తెలియదు. మా ఆవిడకూ తెలియదు. "ఆర్ములు పోయాయి" అని చెబితే నా భుజం వైపు చూసింది. నా ఎడమ భుజం ఏడాదిగా పైకి లేవడం లేదు. ఆ సంగతి వేరు. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కారు కింది చట్రానికి కట్టి ఉంచే ఇనుప చెయ్యి. చట్రం వైపు రెండు రబ్బరు బుష్షులుంటాయి. చక్రం వైపు బాల్ జాయింటు, అంటే మన తుంటి ఎముకలాగా గిన్నెలో తిరిగే ఒక గుండు. చక్రం పైకీ కిందికీ ఆడవచ్చు గానీ ముందుకూ వెనక్కూ జరగకూడదు. ఈ కట్టడి అంతా ఆ చెయ్యి చూసుకుంటుంది. రోడ్డు అనే మాటలన్నీ కారు వినకుండా మధ్యలో రబ్బరు బుష్షులే మింగుతాయి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి ఉద్యోగం. ఆమె ఓర్పు పోయినరోజే ఇంట్లో కటకట మొదలవుతుంది.

మా కారులోనూ అలాగే మొదలైంది. గతుకు పడితే కటకట. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. టైరు లోపలి అంచు గుండు గీసినట్టు నున్నగా అరిగింది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండాక 2022లో మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాను. అంటే 2027 వరకు ఈ బండి బతకవచ్చని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఆర్ములు ఆ ఉత్తర్వు చదవలేదు.

తప్పు ఆర్ములది కాదని నా అభిప్రాయం. రోడ్లు ఎలా ఉండాలో కొలతలు రాసిపెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాని మీద నుంచి సాఫీగా దిగిపోవాలని ఉద్దేశం. మా వీధిలో లెక్క వేరు. ఎవరింటి స్లాబు పోసిన రోజు ఎంత కాంక్రీటు మిగిలితే అంత స్పీడ్ బ్రేకర్. వీధిలో ఏడిళ్లు పైకి లేచాయి, ఏడు స్పీడ్ బ్రేకర్లూ లేచాయి. వెడల్పు అడుగున్నర, ఎత్తు యజమాని హోదాను బట్టి. పైగా మొదట నీళ్ల పైపు కోసం తవ్వారు, తర్వాత మురుగు పైపు కోసం తవ్వారు, ఆ తర్వాత మొదటి పైపు ఎక్కడుందో చూడటానికి తవ్వారు. మా ఇంటి ముందు కూడా ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, నిజమే. వీధిలో అదే ఎత్తైనదని కొందరు అంటారు. అది భద్రత కోసం కట్టింది. దాన్ని మిగతావాటితో కలపకూడదు.

షెడ్డు మేస్త్రి కింద దూరి, ఇనుప రాడ్డుతో రెండు పక్కలా ఎత్తి చూసి, "ఎడంది పూర్తిగా పొయ్యుండాది సార్, కుడిది పోతా ఉండాది. మారిస్తే రెండూ మార్చాల. సామాను కాక కూలి 1,400" అన్నాడు. 1,400! చేతులు మార్చడానికి చేతులున్నవాడికి కూలి ఎందుకివ్వాలి? ఆ రాత్రే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో తెల్లాయన చేతికి గ్లవుజులు వేసుకుని, వెనకాల సంగీతం వస్తుండగా, 11 నిమిషాల్లో ఆర్మ్ మార్చేశాడు. ఒక్క చెమట చుక్క లేదు, ఒక్క తుప్పు మరక లేదు. మా బండి ప్రతి ఆదివారం మైపాడు ఉప్పుగాలి పీల్చిన బండి అన్న సంగతి ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు.

సామాన్ల కొట్టుకు నేనే వెళ్లాను. కొట్టులో కుర్రాడు "ఎడందా, కుడిదా సార్?" అని అడిగాడు. నేను గట్టిగానే చెప్పాను: "రెండు కావాలి. రెండూ ఒకే రకం ఉండాలి. తేడా వస్తే ఊరుకోను." తేడా లేకుండానే ఇచ్చాడు. రెండూ ఎడమవే. ఈ విషయం పాత ఆర్ములు రెండూ ఊడదీశాక, ఆదివారం మధ్యాహ్నం, కొట్టు మూసి ఉన్నప్పుడు తెలిసింది.

కానీ అంతవరకు రావడమే ఒక చరిత్ర. శనివారం ఉదయం జాకీ వేసి బండి లేపి, చక్రం నట్టు మీద పానా పెట్టి తిప్పాను. చక్రమే తిరిగింది. ఎదురింట్లో ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. ఆయన గేటు మీద చేతులు పెట్టుకుని చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నారు.

"ఏందబ్బయ్యా, చక్రం తిరగతా ఉండాది, నట్టు తిరగడం లా?"

"గట్టిగా ఉంది మావా."

"నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేసుకోవాల. తర్వాతే జాకీ. దించు, దించు."

ఇది సాయం కిందికి రాదు. ఆయన మాట్లాడారు, దించింది నేను. అలాగే, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టేవాడికి సంతాప సభ పెట్టడానికి తాను రానని చెప్పి, తన మేనల్లుడి షెడ్డు నుంచి రెండు ఇనుప స్టాండ్లు తెప్పించారు. హ్యాండ్ బ్రేకు వేయించారు. వెనక చక్రాలకు ఒక పక్క ఇటుకలు, ఇంకో పక్క మా అత్తగారి సన్నికల్లు పెట్టించారు. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి అంచు కిందికే తోయించారు, స్టాండు జారినా ఆ చక్రం మీద ఆగుతుందని. ఇవన్నీ ముందుజాగ్రత్తలు. పని మాత్రం నాదే.

నేను కొత్తగా కొన్న 46 ముక్కల సాకెట్ సెట్టులో నాకు కావలసిన నంబరు తప్ప అన్నీ ఉన్నాయి. అది మేడ మీద అద్దెకుంటున్న ప్లంబరు దగ్గర దొరికింది. దాని పిడి చిన్నదైతే బోరు పైపు ముక్క ఒకటి ఆయనే తెచ్చి తొడిగాడు. మూడడుగుల పైపు తొడిగితే ఎంత మొండి బోల్టయినా లొంగుతుందని సిద్ధాంతం. మాది లొంగలేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను, పూజగదిలో చెప్పుకోవలసినవి చెప్పుకున్నాను. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో ఉద్యోగానికో రొట్టె ఉంది, పెళ్లికో రొట్టె ఉంది, సొంతింటికో రొట్టె ఉంది. పట్టేసిన బోల్టు వదలడానికి ఒక రొట్టె లేకపోవడం ఏమిటో నాకు ఆరోజు అర్థం కాలేదు. రాత్రంతా స్ప్రేలో నాననిచ్చి ఆదివారం తెల్లారి ప్లంబరూ, పెద్దాయనా, నేనూ ఒకేసారి పైపు మీద వేలాడితే బోల్టు కిర్రుమంది. మొత్తానికి తిప్పింది నేనే, ఎందుకంటే పైపు మొదట్లో చెయ్యి నాది.

ఇక బాల్ జాయింటు. దాని కాడను చక్రం వైపు ముక్కలో ఒక బోల్టు పిండి పట్టుకుని ఉంటుంది. నేను ఆ బోల్టును వదులు చేసి, సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. గంటన్నర కొట్టాను. వీధి కుక్కలు వెళ్లిపోయాయి. అప్పటికి మా గేటు ముందు పదకొండు మంది చేరారు. ఇందులో ఇద్దరు మాత్రమే నన్ను ఎరిగినవాళ్లు. మిగతావాళ్లు సలహాదారులు. ఒకాయన వేడి చేయమన్నాడు, ఒకాయన అమ్మేయమన్నాడు. క్రికెట్ బ్యాటు చంకలో పెట్టుకున్న ఏడో తరగతి పిల్లవాడు ఒకడు వంగి చూసి, "అంకుల్, ఆ బోల్టు పూర్తిగా బయటికి లాగాలంట. కాడకు గాడి ఉంటది, బోల్టు ఆ గాడిలో కూర్చుంటది. తియ్యకపోతే ఎంత కొట్టినా రాదు" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"మీ వీడియోలోనే అంకుల్. ఆరో నిమిషంలో."

నేను సంగీతం బాగుందని ఆ భాగం ముందుకు జరపలేదు గానీ, మాటలు వినలేదు. బోల్టు పూర్తిగా లాగాక, పక్కవీధి కొబ్బరిబొండాల అతని గడ్డపార అడిగి తెచ్చి, ఆర్మ్‌ను కిందికి నొక్కితే కాడ జారి వచ్చింది. పాత బుష్షులు చూస్తే జాలేసింది. రబ్బరు పగిలి, ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. బాల్ జాయింటు రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు బయటికీ మన్ను లోపలికీ పోయింది. అంత చేసినా ఇన్నాళ్లు పట్టుకునే ఉన్నాయి.

రెండు ఎడమ చేతుల కథ సోమవారం పరిష్కారమైంది. ఆఫీసుకు జ్వరమని చెప్పి కొట్టుకు వెళ్లి, ఒకటి ఇచ్చి కుడిది తెచ్చుకున్నాను. అబద్ధం కాదు, అప్పటికి ఒళ్లు కాలుతోంది. రెండూ బిగించేశాను. బుష్షుల బోల్టులు ఎంత బిగించానంటే, పైపు మీద నిలబడి బిగించాను. అంతలో స్టాండ్లు తీసుకుపోవడానికి షెడ్డు కుర్రాడు వచ్చాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. కిందికి చూసి, నవ్వాపుకుంటూ అడిగాడు.

"గాల్లో ఉండంగానే బిగించేసినారా అన్నా?"

"ఇంకెప్పుడు బిగిస్తారు?"

"బండి బరువు చక్రాల మీద పడినాక. ఇప్పుడు ఆర్మ్ కిందికి వేలాడతా ఉండాది గదా, ఇట్టా బిగించేస్తే రబ్బరు ఈ వాటంలో పట్టేసుకుంటది. బండి దించితే మెలిపడి అట్టనే ఉండిపోద్ది. ఆర్నెల్లు గూడా రాదు."

ఇదీ మొత్తం వ్యవహారంలో అసలు రహస్యం. ఆ వీడియోలో ఉందో లేదో ఏడో తరగతి పిల్లవాడు చెప్పాలి. ఈ రబ్బరు బుష్షు మధ్యలోని ఇనుప గొట్టం చుట్టూ తిరిగేది కాదు, దానికే అతుక్కుని మెలితిరిగేది. బండి మామూలుగా నిలబడిన ఎత్తులో దానికి మెలి ఉండకూడదు. కుర్రాడు బోల్టులు వదులు చేసి, జాకీని ఆర్మ్ చివర బాల్ జాయింటు కింద పెట్టి, బండి స్టాండు మీద నుంచి లేస్తుందా లేవదా అన్నంత వరకు ఎత్తి, అప్పుడు బిగించాడు. రెండు పక్కలా కలిపి ఇరవై నిమిషాలు. కంపెనీ పుస్తకంలో ఇంత బిగువని న్యూటన్ మీటర్లలో లెక్క ఉంటుంది, దానికి టార్క్ పానా ఉండాలి. అది కూడా వాడే వెంట తెచ్చుకున్నాడు. వాడు నా పర్యవేక్షణలో పనిచేశాడని వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత బండి నడిపితే స్టీరింగు వంకరగా ఉన్నా దారి తిన్నగా పోతోంది. ఆర్ములు మార్చినవాడు అలైన్‌మెంట్, అంటే చక్రాల వాటం సరిచేయడం, చేయించక తప్పదు, చేయించాను. కటకట పోయింది. బ్రేకు వేస్తే ఎడమకు లాగడం లేదు. ఎడమకు లాగుతున్నది ఇప్పుడు నేనే. భుజానికి ఫిజియోథెరపీ ఐదు రోజులు రాశారు.

ఇక ఖర్చుల విషయంలో కొందరు అనవసరమైన అనుమానాలు లేవదీస్తున్నారు కాబట్టి లెక్క బహిరంగపరుస్తున్నాను. ఆదా: మేస్త్రి కూలి 1,400. సాకెట్ సెట్టు 1,850, ఇది ఖర్చు కాదు, ఆస్తి కల్పన, బడ్జెట్టులో మూలధన వ్యయం కింద చూపాలి. స్ప్రే 280, ఆటోలు 360, ఇవి గత ప్రభుత్వాల పాపం. షెడ్డు కుర్రాడికి 500, కూలి కాదు, గౌరవ వేతనం. అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాల్సిందే. ఫిజియోథెరపీ 1,500, ఆరోగ్య శాఖ పద్దు. నికర మిగులు: 1,400.

ఈ లెక్కను ఆమోదం కోసం మా ఆవిడకు సమర్పించాను. ఆమె ట్రెజరీలో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా మనుషుల బిల్లులు వెనక్కి పంపడమే ఆమె ఉద్యోగం. రెండు రోజుల తర్వాత ఎర్ర సిరాతో అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి: శనివారం నుంచి సోమవారం వరకు గేటు దగ్గరికి వెళ్లిన టీలు 43, చూపలేదు. రెండు: పెద్దాయనకూ ప్లంబరుకూ రెండు పూటల దోసెలు, చూపలేదు. మూడు: మా తమ్ముడి పెళ్లిలో పెట్టిన తువ్వాలు, గ్రీజు అంటిన స్థితిలో స్వాధీనం, విలువ కట్టాలి. నాలుగు: సన్నికల్లు అంచు విరిగింది, బాధ్యులెవరో తేల్చాలి. అన్నిటికన్నా పైన, "ఎవరి సాయమూ లేకుండా" అన్న మాట కింద గీత గీసి, సంబంధిత వ్యక్తుల సంతకాలతో ధృవీకరణ జతచేయమని రాసింది.

ప్లంబరు సంతకం చేశాడు, అద్దె ఒక నెల వాయిదా అడిగి. ఏడో తరగతి పిల్లవాడు మైనరు, చెల్లదంది. ఎదురింటి పెద్దాయన దగ్గరికి నిన్న సాయంత్రం కాగితం పట్టుకుని వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, తప్పకుండా పెడతానన్నారు. కాకపోతే ముందు మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ పగలగొట్టాలట.

"గడ్డపార ఇంకా నీ దగ్గరే ఉండాది గదబ్బయ్యా" అన్నారు.