రాకాసి గుళ్ళ చెలక

మొన్న ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది వేడుకలో పిల్లల క్విజ్ దగ్గర జరిగింది హాల్లో ఉన్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయిపోయింది, భోజనాల క్యూ మొదలవుతోంది. "వేల ఏళ్ళ కిందట మనుషులు పెద్ద పెద్ద రాళ్ళు నిలబెట్టిన చోటు ఏది?" అని అడిగారు. ఎనిమిదేళ్ళ పాప ఒకతె చెయ్యెత్తి "ముడుమాల్" అంది. "మా అమ్మమ్మ వాళ్ళ ఊరి దగ్గర, కృష్ణ ఒడ్డున" అని కూడా చెప్పింది. "కాదమ్మా, స్టోన్‌హెంజ్" అని ఇంగ్లండ్‌లోని రాతి వలయం పేరు చెప్పారు మైకులో. వెనక వరసల్లో నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని పోయి వాళ్ళమ్మ వెనక నిలబడింది.

పాప చెప్పింది తప్పు కాదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒక రాతి మీద చెక్కిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలమని అక్కడ పనిచేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు గారు చెప్పారు. ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకు కోపం లేదు, చేతిలో కాగితం మీద ఏముంటే అదే చదివారు. ఆ నవ్వే నన్ను వదల్లేదు, ఎందుకంటే నేను అంతకంటే పెద్ద తప్పే చేశాను.

మాది నల్లగొండ జిల్లా. మా తాత చెలకలో గుండ్రంగా పేర్చిన పెద్ద గుండ్లు ఉండేవి, మధ్యలో చిన్న రాళ్ళ కుప్ప. ఊరంతా రాకాసి గుళ్ళు అనేది. "మిట్టమధ్యాన్నం అటు పోకుండ్రి, రాకాసులు పండుకున్నరు" అని నాయనమ్మ భయపెట్టేది. తాత నాగలి ఆ గుండ్ల దాకా వచ్చి పక్కకు తిరిగేది. అంత జాగా ఎందుకు వదిలేస్తున్నావని మా చిన్నాయన అడిగితే "వాళ్ళ జాగ వాళ్ళకుండనీ" అనేవాడు. ఇనుపయుగం, బృహత్ శిలా సమాధి లాంటి మాటలు ఆయనకు తెలియవు. అలాంటి గుండ్ల వలయాలు ఆ కాలపు సమాధులని, వలయం కింద రాతి పలకల పెట్టె ఉంటుందని, అందులో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి మట్టి కప్పేవాళ్ళని నేనే చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను.

2007లో ఆ చెలక అమ్మాం. గుండ్లు తీసేస్తేనే కొంటారట అని చిన్నాయన ఫోన్ చేస్తే, సరే తీయించండి అన్నాను. నా వాటాగా వచ్చిన డబ్బు ఇక్కడ ఇంటి డిపాజిట్‌కి పోయింది. మరుసటి ఏడు వెళ్ళేసరికి జేసీబీ చదును చేసిన నేలలో తెల్ల రంగేసిన ప్లాట్ల హద్దురాళ్ళున్నాయి. రోడ్డు పక్కన పోసిన మట్టికుప్పలో ఒక కుండపెంకు దొరికింది, లోపల నిగనిగలాడే నలుపు, బయట ఎరుపు, అంచు మాత్రం రెండువైపులా నలుపే. నా అరచేతిలో సగం కూడా లేదు. నలుపు-ఎరుపు కుండలంటారు వాటిని, మన దగ్గరి అలాంటి సమాధుల్లో తరచుగా దొరికేవి అవే.

ఉగాది తర్వాత మా పిల్లల్ని ఏవ్‌బరీ తీసుకెళ్ళాను. స్టోన్‌హెంజ్‌లా తాడు కట్టి దూరం ఉంచరు, రాయిని తాకొచ్చు. బ్రిటన్‌లోకెల్లా పెద్ద రాతి వలయం, లోపల ఊరే ఉంది. ఆ ఊరివాళ్ళూ మనం చేసిందే చేశారు. 17, 18 శతాబ్దాల్లో రాళ్ళ చుట్టూ మంట పెట్టి, కాలిన రాతి మీద చన్నీళ్ళు పోసి, సుత్తులతో పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. మార్మలేడ్ వ్యాపారంలో గడించిన కుటుంబానికి చెందిన అలెగ్జాండర్ కెయిలర్ 1930లలో ఆ నేల కొని, పూడ్చేసిన రాళ్ళు వెలికితీసి మళ్ళీ నిలబెట్టించాడు. రాయి మిగలని చోట సిమెంటు దిమ్మ పాతించాడు. మా అబ్బాయి ఒక దిమ్మ మీద చెయ్యి వేసి "ఇక్కడ ఏమీ లేదు కదా నాన్నా, మరి ఇదెందుకు?" అన్నాడు. ఇక్కడొక రాయి ఉండేదని చెప్పడానికి అన్నాను. మా చెలకలో అలాంటి దిమ్మ కూడా లేదు.

మనవాళ్ళకి చరిత్రంటే పట్టదని నేనూ చాలాసార్లు అన్నాను. కానీ మా ఊళ్ళో ఆ గుండ్లని తరతరాలు కాపాడింది నాయనమ్మ భయమే, తాత నాగలే. పోగొట్టింది చదువుకున్న నేను. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017 తవ్వకాల్లో అలాంటి సమాధి మీద కప్పిన 40 టన్నుల పైచిలుకు రాయిని క్రేన్లతో లేపారు. ఇనుపయుగంలో దాన్ని క్రేన్లేవీ లేకుండానే మనుషులు తెచ్చి పెట్టారు. అదీ మన పిల్లలకు తెలియాలి.

మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా భూములున్నాయి, అమ్మకాల మాటలూ నడుస్తున్నాయి. రాకాసి గుళ్ళనో పాండవుల గుళ్ళనో పిలిచే జాగా ఏదైనా మీ పొలంలో ఉంటే, సంతకం పెట్టే ముందు ఫొటోలు తీయించండి, వారసత్వ శాఖకు ఒక ఉత్తరం రాయండి. వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు ఒక్కరోజు పిల్లల్ని ముడుమాల్ తీసుకెళ్ళండి. కమిటీ పెద్దలకు ఇంకో విన్నపం. వచ్చే ఉగాదికి ఆ ప్రశ్న మళ్ళీ అడగండి, ఆ పాపనే ముందు పిలవండి.