సర్వం గ్యాస్‌మయం జగత్

తెలుగు కుటుంబాల్లో వైద్యశాస్త్రం ఎంత ఎత్తుకు ఎదిగిందో ప్రపంచానికి ఇంకా తెలియదు. మిగతా చోట్ల ఛాతీనొప్పికి కారణం కనుక్కోవడానికి స్టెతస్కోపు, ఈసీజీ, ఎక్స్‌రే అంటూ నానా తంటాలు పడతారు. మనకు పెద్దనాన్న చాలు. సోఫాలోంచి లేవకుండా, టీవీ మీంచి చూపు తిప్పకుండా, రోగి మొహమైనా చూడకుండా తేల్చేస్తాడు. "గ్యాస్."

ఒక ఆదివారం మధ్యాహ్నం అనుకోండి. తొమ్మిదో తరగతి కుర్రాడు కుర్చీలో నడుం సగం కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనించి ఫోన్ చూస్తున్నాడు. ఉన్నట్టుండి కలుక్కుమంది. బిగుసుకుపోయాడు. ఎడమ చనుమొన దగ్గర ఒక్క వేలు ఆనించి, "ఇక్కడ... ఊపిరి పీలిస్తే పొడుస్తోంది" అన్నాడు. గుండెల నిండా గాలి పీల్చడానికి భయపడి కొంచెం కొంచెంగా లాగుతున్నాడు. అంతే, ధర్మాసనం కొలువుదీరింది.

ముందు అభియోగపత్రం. "రాత్రి ఆ దుంపల వేపుడు అంతేసి తినొద్దంటే విన్నాడా?" అని అమ్మమ్మ. "దుంపలు కాదమ్మా, శనగపప్పు" అని అత్త సవరణ. "అదేం కాదు, పదకొండింటి దాకా పడుకుని టిఫిన్ ఎగ్గొట్టాడుగా, కడుపు ఖాళీగా ఉంటే చేరిపోతుంది" అని బాబాయి. తింటే గ్యాస్, తినకపోతే గ్యాస్, ఆలస్యంగా తింటే గ్యాస్, తొందరగా తింటే మరీ గ్యాస్. ఈ చట్టం కింద నిర్దోషిగా బయటపడినవాడు ఇంతవరకు లేడు.

తర్వాత శిక్ష అమలు. ఈనో ప్యాకెట్ ఎక్కడుందో వెతకాలి. ఫ్రిజ్ మీద లేదు. మందుల డబ్బాలో 2021 నాటి దగ్గు సిరప్ ఉంది గానీ ఈనో లేదు. చివరికి పోపుల డబ్బా వెనక దొరుకుతుంది. ఒక నిమిషం అయింది. గ్లాసు కడగాలి, నీళ్లు పోయాలి, పొడి వేయాలి, పొంగుతుండగానే తాగాలి, లేకపోతే పని చేయదట. ఇంకో నిమిషం. ఈలోగా అత్త వీపు మీద జండూబామ్ రాస్తూనే ఉంది, అమ్మమ్మ వాము నలిపి నోట్లో వేసింది. కుర్రాడు గ్లాసు ఖాళీ చేసి, కాసేపు ఆగి, పెద్దగా త్రేన్చాడు. నొప్పి మాయం. పెద్దనాన్న మొదటిసారి టీవీ మీంచి తల తిప్పి అన్నాడు: "చూశావా! నేను చెప్పలా?"

ఈ సాక్ష్యాన్ని కాస్త పరిశీలిద్దాం. ఈనోలో ఉన్నవి ప్రధానంగా వంటసోడా, సిట్రిక్ ఆమ్లం. నీళ్లు తగలగానే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తాయి. గ్లాసులో కనపడే ఆ పొంగు అదే. అంటే కడుపులో గ్యాస్ ఉందని అనుమానం వచ్చిన మనిషి చేత మనం గ్యాస్ తాగించాం. తాగిన గ్యాస్ బయటికొచ్చింది. దాన్నే సాక్ష్యంగా నమోదు చేశాం. జేబులో గంజాయి పొట్లం తనే పెట్టి, తనే తీసి, పంచనామా రాసుకునే ఎస్సైకి కూడా కాస్త సిగ్గుంటుంది.

మరి నొప్పి ఎలా పోయింది? దానంతట అదే పోయింది. దాని ఆయుష్షే అంత. ఈ కలుక్కుకు వైద్యంలో ప్రీకార్డియల్ క్యాచ్ సిండ్రోమ్ అని పేరు. మిల్లర్, టెక్సిడోర్ అనే ఇద్దరు వైద్యులు 1955లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో దీన్ని వివరంగా రాశారు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఎక్కువ, ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ మామూలే. పరిగెత్తుతున్నప్పుడు రాదు. కూర్చుని ఉన్నప్పుడు, అందులోనూ వంగి కూలబడినప్పుడు వస్తుంది. ఎడమవైపు, ఒకటి రెండు వేళ్లతో కప్పేయగలిగినంత చోటులోనే ఉంటుంది. చేతికి పాకదు, దవడకు పోదు. చెమటలు పట్టవు, గుండె దడ ఉండదు. లోపలికి గాలి పీలిస్తే పొడుస్తుంది. సాధారణంగా అర నిమిషం నుంచి మూడు నిమిషాలు. వచ్చినంత హఠాత్తుగా పోతుంది. ఈసీజీ తీస్తే మామూలుగానే ఉంటుంది. గుండెకు దీనితో ఏ సంబంధమూ లేదు. వయసు పెరిగేకొద్దీ రావడం మానేస్తుంది.

చేయాల్సింది కూడా ఏమంత లేదు. నిటారుగా కూర్చుని, అది పోయేదాకా పైపైన ఊపిరి తీసుకోవడం ఒక దారి. ధైర్యం చేసి ఒక్కసారి నిండుగా గాలి పీల్చడం ఇంకో దారి. ఒక్క క్షణం గట్టిగా పొడుస్తుంది, కొందరికి టప్పుమన్నట్టు అనిపించి అక్కడితో వదిలేస్తుంది. మాత్ర వేసుకుంటే అది కడుపులో కరిగేలోపే నొప్పి ఉండదు కాబట్టి మాత్రా అనవసరం.

ఇప్పుడు లెక్క చూడండి. నొప్పి ఆయుష్షు మూడు నిమిషాలు. ఈనో వెతికి తాగించడానికి పట్టేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఫ్యాను రెగ్యులేటర్ తిప్పుతూ కూర్చున్నా తగ్గేది. ఎప్పటికీ ఓడిపోని వైద్యుడు కావాలంటే, తనంతట తాను తగ్గే జబ్బును ఎంచుకుంటే చాలు. పెద్దనాన్న ఆ పని తెలియకుండానే చేశాడు. దుంపలు మాత్రం ఏ తప్పూ చేయకుండా జీవితఖైదు అనుభవిస్తున్నాయి.

గ్యాస్ ప్రయాణ మార్గం గురించీ మన పరిశోధన అపారం. అది భుజానికి పట్టేస్తుంది, వీపులో దూరుతుంది, మోకాలికి దిగుతుంది, తలకెక్కుతుంది. వీసా అక్కర్లేని పదార్థం. పాఠ్యపుస్తకాల ప్రకారమైతే పాపం దానికి అంత స్వేచ్ఛ లేదు. జీర్ణాశయం డయాఫ్రం కింద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగోడలా ఉండే కండరం కింద ఉంటుంది. అక్కడి గాలికి రెండే దారులు, ఒకటి త్రేన్పు, రెండోది తెలుగు పాఠకులకు వివరించక్కర్లేదు. అది పక్కటెముకల మధ్యకు రావాలంటే జీర్ణాశయం గోడకు చిల్లు పెట్టుకుని, డయాఫ్రంను చీల్చుకుని రావాలి. అంత పని చేసిందంటే ఆ మనిషి ఈపాటికి ఆపరేషన్ థియేటర్లో ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. అలాగని కడుపు వల్ల ఛాతీలో బాధే రాదనడం లేదు. యాసిడ్ పైకి తన్నితే రొమ్ము ఎముక వెనక మంట పుడుతుంది, తిన్నాక పడుకుంటే పెరుగుతుంది, గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయి. ఊపిరితో పాటు పొడిచే పోటు దాని పద్ధతి కాదు. ఊపిరితిత్తికి, దాన్ని అంటిపెట్టుకున్న పొరకు నొప్పి తెలియదు. ఛాతీ గోడకు లోపల అతుక్కున్న పొరకు, పక్కటెముకల మధ్య నరాలకు తెలుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు కదిలేవి అవే కాబట్టి అప్పుడే పొడుస్తుంది.

ఇక ఇంట్లో ప్రతిపక్షం ఒకటుంటుంది, గుండెపోటు పార్టీ. వాట్సాప్‌లో జిమ్ వీడియోలు చూసి, పన్నెండేళ్ల పిల్లను తీసుకెళ్లి ఎకో, టీఎంటీ అంటూ గుండె పరీక్షలు, ప్యాకేజీలో ఏముంటే అవన్నీ చేయిస్తారు. అన్నీ మామూలుగా ఉన్నాయని, మందు అక్కర్లేదని డాక్టరు చెబితే కోపం. మందు రాయనివాడికి ఫీజెందుకు? పాపం ఆయనా మనిషే, గదిలోంచి పంపించాలంటే ఏదో ఒకటి రాయాలి. పరగడుపున ఒకటి చొప్పున నెల రోజులకు పాంటాప్రజోల్ రాస్తాడు, కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర. ఆ చీటీతో ఇంటికొస్తే పెద్దనాన్న చదివి నవ్వుతాడు. కార్పొరేట్ ఆసుపత్రి కూడా చివరికి గ్యాసేనని ఒప్పుకుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు.

ఇకపై కుదరదు, ఎందుకంటే ఛాతీలో నిజంగానే గాలి చేరే జబ్బు ఒకటుంది. న్యుమోథొరాక్స్. ఊపిరితిత్తి పైకొసన పుట్టుకొచ్చిన చిన్న బుడగ పగిలి, గాలి ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య చేరుతుంది, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఎవరికి వస్తుంది? పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్లకు, పదిహేను నుంచి ముప్పయి మధ్య వయసులో, సిగరెట్ తాగితే మరీ ఎక్కువగా. ఏ బరువూ ఎత్తకుండానే ఒక పక్క హఠాత్తుగా పోటు, తర్వాత ఆయాసం. ఈ జాతి నొప్పులన్నిటిలో గ్యాస్ అని పేరు పెట్టదగ్గది ఇదొక్కటే. దీన్నీ ఈనోతోనే కొడతారు!

ఆపై ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన ఒక గ్యాస్ ఇంజెక్షన్, ఒక నొప్పి ఇంజెక్షన్ పొడుస్తాడు. అసలు ఘోరం ఇక్కడుంది. ఊపిరితిత్తి ముడుచుకునే ఉన్నా, పోటు మాత్రం చాలామందికి ఒక రోజులో దానంతట అదే సద్దుమణుగుతుంది. తీర్పు మళ్లీ ఖరారు. కుర్రాడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడంటే "ఒంట్లో బలం లేదు" అంటారు. ఆ వారంలోనే వాడికి ఎంఎస్ చదవడానికి అమెరికా ఫ్లైట్ ఉండొచ్చు. ఎత్తుకెళ్లేకొద్దీ విమానంలో గాలి ఒత్తిడి తగ్గి, ఛాతీలో ఇరుక్కున్న గాలి వ్యాకోచిస్తుంది. ఆకాశంలో ఎక్స్‌రే తీసేవాడు ఉండడు. తొక్కు పచ్చళ్ల బరువు గ్రాములతో సహా తూచే ఇంట్లో, ఒక్క ఎక్స్‌రే తీయించాలన్న ఆలోచన ఎందుకు రాదు? నిలబెట్టి తీసే మామూలు ఛాతీ ఎక్స్‌రే! దానికయ్యే ఖర్చు ఆ ఇంజెక్షన్ల ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది, ప్రభుత్వాసుపత్రిలో అదీ లేదు.

గాలి కొద్దిగానే ఉండి ఆయాసం లేకపోతే కనిపెట్టుకుని ఉంటారు. రోజుకు ఒకటి రెండు శాతం చొప్పున ఒళ్లే పీల్చుకుంటుంది. ఎక్కువుంటే సూదితో లాగుతారు, లేదా చంక కింద పక్కటెముకల మధ్య గొట్టం వేసి, దాని కొస నీళ్ల సీసాలో రెండు సెంటీమీటర్లు మునిగేలా పెడతారు. దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు వస్తాయి. సరిగ్గా అప్పుడే పలకరింపుకు పిన్నిగారు వస్తుంది, చేతిలో బత్తాయిలు. బుడగలు చూసి మొహం వెలిగిపోతుంది. "చూశారా వదినా, ఎంత గ్యాస్ పోతోందో!" అని, కాళ్లకు అడ్డంగా ఉందని సీసా ఎత్తి మంచం మీద పెడుతుంది. సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, లేకపోతే అందులో నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి. పిన్నిగారిని, బత్తాయిలను వేరు చేసి, బత్తాయిలను మాత్రమే లోపలికి పంపే పద్ధతి ఆసుపత్రులు కనిపెట్టాలి.

పోటు తగ్గడమే మోసం చేసే జబ్బు ఇంకొకటుంది. సాయంత్రం జ్వరం, పొడిదగ్గు, తగ్గుతున్న బరువు, ఒక పక్క పోటు. కుర్రవాళ్లలో ఇది టీబీ వల్ల ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం కావచ్చు. మొదట్లో రెండు పొరలూ రాసుకుంటాయి కాబట్టి నొప్పి. నీరు పెరిగి పొరలు విడిపోయాక రాపిడి ఆగి నొప్పి తగ్గుతుంది. జబ్బు ముదిరినందుకు ఇంట్లో సంతోషిస్తారు. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తుంది. వాము మాత్రం మనమే కొనుక్కోవాలి.

ఇంట్లో వ్రతమనో పెళ్లి అనో నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు తెచ్చి మింగిస్తారు చూడండి, వాటి వల్ల కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పిక్క వాచి, నొప్పి పెట్టి, రెండు రోజుల తర్వాత ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, ఆయాసం, గుండె దడ వస్తే, ఆ గడ్డ కాలి నుంచి ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. ప్రాణం పోయే జబ్బు. ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఊపిరాడటం లేదంటుంటే, "ఉపవాసం కదా, గ్యాస్ చేరింది, కాస్త ప్రసాదం తిను" అంటారు. మాత్ర మింగించింది మీరు. వాయిదా వేయించింది మీరు. కనీసం ఆసుపత్రిలో ఆ మాత్ర పేరు చెప్పండి. పరువు పోతుందని దాన్నీ దాస్తారు!

డాక్టరు దగ్గరికెళ్తే "గ్యాస్ పట్టేసిందండీ" అని మొదలుపెట్టొద్దు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, వేలితో చూపించగలడా లేక అరచెయ్యంతా ఆనిస్తున్నాడా, ఆయాసం ఉందా, జ్వరం వచ్చి తగ్గిందా, పడుకుంటే ఎక్కువై ముందుకు వంగితే తగ్గుతోందా, ఇవి చెప్పండి. ఆ చివరిది గుండె చుట్టూ ఉన్న పొర వాపు కావచ్చు, దానికి ఈసీజీ కావాలి. రొమ్ము ఎముక అంచున నొక్కితే అచ్చంగా అదే నొప్పి వస్తోందంటే మృదులాస్థి వాపు అయ్యే అవకాశం ఎక్కువ, కొన్ని వారాల్లో తగ్గుతుంది. మూడు నిమిషాల్లో పోయి కుర్రాడు మళ్లీ ఫోన్ పట్టుకుంటే వీపు నిటారుగా పెట్టమనండి, చాలు. నొప్పి ఆగకుండా ఉంటే, ఆయాసం, కళ్లు తిరగడం, పెదాలు నీలం కావడం, కళ్లెలో రక్తం, పరిగెత్తుతుండగా నొప్పి, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి, పెద్దనాన్నకు తర్వాత చేయొచ్చు. అన్నీ చూశాక అది గ్యాసేనని డాక్టర్లు తేలిస్తే సంతోషమే, ఆయన్ను పిలిచి శాలువా కప్పుదాం.