కొట్టకూడదని కొట్టి చెప్తారా?

నిన్న పార్కులో నాలుగేళ్ల పిల్లాడు కుక్కపిల్ల మీద రాయి విసిరాడని వాళ్ల నాన్న వీపు మీద ఒక్కటి చరిచి, "కొట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు!" అని అరిచాడు. వాడు ఏడవను కూడా ఏడవలేదు, పెదవి బిగబట్టి ఇంకో రాయి కోసం నేల వెతుక్కుంటున్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. దయ చెప్తే వచ్చేదా అసలు? 1961లోనే ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు ఒక బొమ్మను బాదడం చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత అచ్చం అలాగే బాదారు, కొందరైతే అవే మాటలంటూ. పొద్దున్నుంచి ఇంట్లో అందరి మీదా గయ్యిమంటూ, బయట మాత్రం మంచిగా ఉండరా అంటే వాళ్లు దేన్ని నమ్మాలి? పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కుక్కపిల్ల దెబ్బ తగిలిన కాలు ఎలా నాక్కుంటోందో చూపించడానికి రెండు నిమిషాలు చాలు కదండీ, అవి కూడా లేవా మనకి?