పోర్టబెల్లో గారు వేంచేశారు

విశాఖ మహానగరం అయిందా లేదా అని ఇంకా అనుమానమున్నవాళ్లు బీచ్ రోడ్డులో ఏదైనా ఏసీ రెస్టారెంటు మెనూ తిరగెయ్యండి. పోర్టబెల్లో అనే పుట్టగొడుగు గారు వేంచేశారు.

మొన్న ఒకచోట పక్క బల్ల వాళ్లకి దర్శనమిచ్చారు. "ఇంపోర్టెడ్ వెరైటీ సార్, నాన్‌వెజ్ ఫీల్ ఉంటాది" అన్నాడు సర్వర్ చేతులు కట్టుకుని. పళ్లెంలో అరచేతంత నల్లటి గొడుగు ఒకటి, దాని మీద ఒక ఆకు, పక్కన మూడు ఎర్ర చుక్కలు. అందరూ ఫోన్లు తీశారు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని "ఇదేటిది, తినేదేనా?" అన్నాడు. "మెల్లగా మావయ్యా, పోర్టబెల్లో అది" అంది కోడలు. "దానికి వినిపిస్తాదా?" అంటూనే ఆయన గొంతు తగ్గించాడు. 650 రూపాయల బిల్లు చూశాక ఆ గొంతు పూర్తిగా పోయింది.

వారి వంశవృక్షం మనవి చేస్తాను. రైతుబజారులో డబ్బాల్లో అమ్మే తెల్ల బటన్, గోధుమరంగు క్రిమినీ, ఈ పోర్టబెల్లో, అన్నీ ఒకే జాతి. క్రిమినీని కోయకుండా వదిలేస్తే గొడుగు విచ్చుకుని పోర్టబెల్లో అవుతుంది. బెండకాయ ముదిరితే బేరం పడిపోతుంది, బటన్ ముదిరితే దొరగారైపోతుంది!

లేత బటన్‌కి పట్టే గతి వేరు. అందులో తొంభై శాతం నీరే. మూకుడు బాగా కాలాక కొద్దికొద్దిగా వేసి, ఉప్పు చివర్లో చల్లితే ఎర్రగా వేగుతుంది. మన పెళ్లి వంటవాళ్లు గంపెడు ఒకేసారి కుమ్మరించి, జీడిపప్పు ముద్దలో నిమజ్జనం చేస్తారు. 30 డిగ్రీల ఉక్కలోనూ హాయిగా పెరిగే పాల పుట్టగొడుగు పులుసులో వేసినా చితకదు. వరిగడ్డి మీద పెరిగే ముత్యపుచిప్ప రకాన్ని చేత్తో చీల్చి ఉల్లికారంతో వేపితే చాలు. ఇవి మెనూలో ఉండవు.

పుట్టకొక్కులు అసలే ఉండవు. వానలు పడ్డాక పాడేరు ఘాట్ రోడ్డు పక్కన గిరిజన ఆడవాళ్లు ఆకుల్లో పెట్టి అమ్ముతారు. చెదపురుగులు పుట్టలో సాకే బూజు నుంచి పుట్టేవి అవి. బటన్‌లాగా గదిలో పెట్టి పెంచుదామంటే కుదరదు. తినేదేదో, ప్రాణం తీసేదేదో చూసి చెప్పగల చదువు ఆ అమ్మది. పోర్టబెల్లోకి కిక్కురుమనకుండా కట్టిన పెద్దమనిషి ఇక్కడ కారు అద్దం నాలుగంగుళాలు దించి "సగం మట్టే ఉంది, సగానికిచ్చెయ్" అంటాడు. సిగ్గులేదూ? మట్టిలో మొలిచినదానికి మట్టి కాక అత్తరు అంటుతుందా? వానలో తడుస్తూ, పాముల పుట్టల దగ్గర వంగి ఏరిందావిడ. నువ్వు హోటల్లో టిప్పుగా వదిలే డబ్బుకి ఆవిడతో పావుగంట తగువా!

అడిగినంత ఇచ్చి తెచ్చుకోండి. ఆ పూటే వండండి, నిలవుండవు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. గరంమసాలా డబ్బా జోలికి వెళ్లారో, మీకూ నాకూ మాటల్లేవు.