క్యాడ్ సాఫ్ట్‌వేర్ గారికి, 300 మిల్లీమీటర్ల దూరం నుంచి

కంప్యూటర్లో యంత్ర భాగాలు గీసిపెట్టే మహారాజశ్రీ క్యాడ్ సాఫ్ట్‌వేర్ గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డు ముందు, నూనె మరకల స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. మీరు క్షేమమేనని తెలుసు. చేతులు లేవు కాబట్టి వేళ్లు తెగవు.

మా కాలేజీ రోబోకి డ్రైవ్‌ట్రెయిన్, అంటే చక్రాలు తిప్పే ఏర్పాటు, గీయమంటే మూడు వారాలు మీ తెర ముందే తిన్నాను, అక్కడే కునికాను. నాలుగు చక్రాలు, రెండు మోటార్లు, ఒక్కో పక్క ఒక చెయిన్. మీ దగ్గర ఎంత ముద్దుగా తిరిగేదో! మౌస్‌తో ఒక చక్రం పట్టి లాగితే రెండోది గుడిలో ప్రదక్షిణ చేసినట్టు వెంట వచ్చేది.

భాగాలు కలపడాన్ని మీరు ‘మేట్’ అంటారు. మా ఊరి పెళ్లిళ్ల పేరయ్య మీకన్నా నయం. బేరింగ్‌ని షాఫ్ట్‌తో కుదిర్చాను, ప్లేటుతో కుదిర్చాను, అందరూ ఒప్పుకున్నారు. చివర్లో ఒక్క వాషర్‌ని తెచ్చి కూర్చోబెడితే, అవతలి మూల ఉన్న మోటారు అలిగి ఎర్రబడింది. ‘ఓవర్ డిఫైన్డ్’ అన్నారు, అంటే షరతులు మరీ ఎక్కువయ్యాయట. గొడవ ఎవరితో మొదలైందో చెప్పకుండా పద్నాలుగు పేర్లు చూపించి నన్నే తేల్చుకోమన్నారు.

డ్రాయింగ్ ఇక్కడికి తెస్తే లేత్ బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “షాఫ్టూ 12, బొక్కా 12 అయితే ఎట్టా దూరుద్ది అబ్బాయ్?” అన్నాడు. కంప్యూటర్లో దూరింది బాబాయ్ అన్నాను. షెడ్డంతా నవ్వింది. ఇనుములోంచి ఇనుము దూసుకుపోయినా మీరు నోరు మెదపరు కదా! ఆయన షాఫ్టుకి ఎమరీ పేపరు చుట్టి పావుగంట రుద్దాడు. ఆ కమాండ్ మీ మెనూలో ఎక్కడా లేదు.

బరువు సంగతి సరేసరి. ఫ్రేముకి మెటీరియల్ ఎంచడం మర్చిపోయాను, తప్పు నాదే. మీరు మాత్రం నీళ్ల సాంద్రత వేసుకుని 3.1 కిలోలని ధీమాగా చెప్పారు. పాత ఇనప సామాన్ల కొట్టు కాటా మీద పెడితే 8.4. అల్యూమినియం నీళ్లకన్నా 2.7 రెట్లు బరువు మరి.

అసలు దెబ్బ చెయిన్. చెయిన్ తిరిగే రెండు పళ్ల చక్రాల, అంటే స్ప్రాకెట్ల, మధ్య 300 మిల్లీమీటర్లు ఇచ్చాను. చూడ్డానికి బాగుంది కదా అని, అంతకు మించి కారణం లేదు. ఒక్కోదానికి 16 పళ్లు, చెయిన్ పిచ్, అంటే ఒక్కో లింకు పొడవు, 12.7 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 63.24 లింకులు కావాలి. ఆ పావు లింకుతో సహా మీరు చక్కగా గీసేశారు. బజార్లో పావు లింకు అమ్మరు స్వామీ! 62 వేస్తే అందలేదు. 64 వేస్తే దాదాపు సెంటీమీటరు మిగిలి పాత సైకిలు చెయిన్‌లా వేలాడింది. మోటారు వెనక్కి తిప్పగానే టకటకా పళ్లు దాటేసింది. మధ్య దూరం 304.8 అయితే 64 లింకులు అతికినట్టు సరిపోయేవి. పద్నాలుగు పేర్లు చదివిన నోటితో ఈ ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?

ఇట్లు,
నలభై గోళ్లూ నలుపెక్కిన జట్టు తరఫున.

తా.క.: ఇందాకే లాప్‌టాప్ తెరిచి 300ని 304.8 చేశాను. 41 ఎర్రర్లు. జాబితాలో మొదటి పేరు వాషర్‌దే.